నా మోకాళ్ల కొలత

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా చేతికింద మనుషులు పెద్దగా లేరు, కుర్చీలే ఉన్నాయి. బల్ల మీద అడ్మిన్ ఆఫీసర్ అని పేరుపలక ఉండేది గానీ, నిజానికి నేను కుర్చీలకూ బల్లలకూ నల్లాలకూ ట్యూబులైట్లకూ అధికారిని. ఇప్పుడు మీరు, అంటే పొద్దున్నే మెడలో కార్డు వేసుకుని ఆఫీసులకు పోయే పిల్లలు, కుర్చీలో కూర్చోగానే కిందికి చెయ్యి పోనిచ్చి ఒక పుల్లను లాగి ఎత్తు సరిచేసుకుంటారు. ఆ పని చేస్తున్నట్టు మీకు గుర్తు కూడా ఉండదు. అది లేక ఒకామె కుడిచెయ్యి పనికి రాకుండా పోయింది. ఆ పుల్లను తీసింది నేను కాబట్టి ఆ సంగతి నేనే చెప్పాలి.

మాది జనగామ దిక్కు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక పంపుల ఫ్యాక్టరీకి వచ్చి ఇరవై రెండేళ్లు స్టోర్‌కీపరుగా చేశాను. స్టోర్స్‌లో పనిచేసినవాడి బుద్ధి వేరుగా ఉంటుంది. ఏ వస్తువూ పదిమంది చేతికి అందేలా ఉండకూడదు, అందితే చెడుతుంది. మా ఫ్యాక్టరీలో నల్లాల తలలు విప్పి నా సొరుగులో పెట్టుకునేవాణ్ణి. మధ్యాహ్నం బువ్వ వేళకు ఒకరొచ్చి అడిగితే ఇచ్చి, చేతులు కడుక్కోవడం అయ్యాక మళ్లీ విప్పించి తెప్పించుకునేవాణ్ణి. డ్రిల్లింగ్ మిషన్ల పిడులు కూడా అంతే, షిఫ్టు అయిపోగానే నా దగ్గరికి రావాల్సిందే. ఆ ఇరవై రెండేళ్లలో ఒక్క నల్లా చెడిపోలేదని నాకు పెద్ద పేరు. ఆ పేరు చూసుకుని నేను చాలా మురిసిపోయేవాణ్ణి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఫ్యాక్టరీ మూతపడింది. ఓనరు బంధువులు ఒక షెడ్డుకు సీలింగు వేయించి, ఏసీలు పెట్టించి కంప్యూటర్ల ఆఫీసు తెరిచారు. పాతవాళ్లలో ఇద్దరినే ఉంచుకున్నారు. ఏ గోడలో ఏ పైపు పోతోందో తెలుసు కాబట్టి నన్ను, ఏది చెడినా బాగుచేస్తాడు కాబట్టి ఒక ముసలి ఫిట్టరును. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు.

అక్కడ జరిగే పని ఇంతే. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక జబ్బు గురించి నోటితో చెప్పేస్తారు. ఆ గొంతు కంప్యూటర్లో మాకు వస్తుంది. ఇక్కడ మావాళ్లు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, విన్నది విన్నట్టు టైపు చేస్తారు. రెండు చేతులూ కీబోర్డు మీద ఉంటాయి కనుక గొంతును ఆపడం, నడపడం కాలితో చేయాలి. అందుకు బల్ల కింద ఒక పెడల్ ఉంటుంది. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే ఊరుకుంటాడు. ఈ పెడల్ సంగతి గుర్తుంచుకోండి.

అరవై కుర్చీలు, రెండు షిఫ్టులు. పొద్దున ఆరు నుంచి రెండు దాకా ఒకరు కూర్చున్న కుర్చీలో రెండు నుంచి పది దాకా ఇంకొకరు కూర్చుంటారు. పొద్దుటివాళ్లు దించుకుంటే మధ్యాహ్నంవాళ్లు ఎత్తుకునేవాళ్లు. ఆరు నెలల్లో మూడు కుర్చీలు కుంగిపోయాయి. నా కుర్చీ అంటే నా కుర్చీ అని షిఫ్టు మారే వేళ రోజూ పేచీ. ఒకరోజు మీటింగులో మేనేజరు, ఆయనొక కుర్రవాడు, పాపం నా మీద కోపంతో కాదు, "ఆ కుర్చీల గొడవ కాస్త చూడండి సార్" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. మిగతాదంతా నా స్టోర్స్ బుర్రలోంచి వచ్చింది.

ఒక ఆదివారం ఫిట్టరన్నను పిలిపించాను. అరవై కుర్చీలనూ ఒకే ఎత్తున పెట్టి, పుల్లలన్నీ పీకి స్టోరులో దాచేస్తే పేచీ ఉండదని నా లెక్క. ఏ ఎత్తున పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఎవరో ఒకరు కూర్చుని కొలత ఇవ్వాలి కదా, నేను కూర్చున్నాను. అన్న నేల నుంచి నా మోకాలి వెనక దాకా టేపు పట్టి, అంత పొడుగున ఒక కట్టె కోసి, ఆ కట్టె పెట్టి చూసుకుంటూ కుర్చీలన్నీ సరిచేశాడు. నేను అయిదడుగుల ఎనిమిదంగుళాలు ఉంటాను. ఆ రోజు నుంచి ఆఫీసు మొత్తం నా మోకాళ్ల ఎత్తున కూర్చుంది.

పుల్లలు పీకుతూ పీకుతూ అన్న మధ్యలో పటకారు పక్కన పెట్టాడు.

"అందరి కాళ్లు నీ కాళ్లంతనే ఉంటయా తమ్మీ?" అన్నాడు.

"నల్లాలకు తీసినప్పుడు ఈ మాట అడగకపోతివి గదన్నా."

"నల్లాకు నడుము నొయ్యదు."

ఆయన ఇలాంటివి ఏదో ఒకటి అంటూనే ఉంటాడులే అనుకుని నవ్వి ఊరుకున్నాను. పుల్లలన్నీ గోనెసంచిలో కట్టి స్టోరులో పై అరలో పెట్టాను. సోమవారం నుంచి పేచీలు ఆగిపోయాయి. మేనేజరు నా భుజం తట్టాడు. అప్పుడు నేను మా ఇంట్లో కూడా చెప్పుకున్నాను, ఇంత సులువైన ఉపాయం ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదని.

మొదటి షిఫ్టులో లాలాపేట నుంచి వచ్చే ఒకామె ఉండేది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ మనిషి. వాళ్లు క్రైస్తవులు, నల్లగొండ దిక్కు పల్లె నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. భర్త నాచారంలోనే ప్లాస్టిక్ బకెట్ల ఫ్యాక్టరీలో మిషన్ మీద చేసేవాడు. ఆమెకు డిగ్రీ లేదు, ఇంటర్ దగ్గరే ఆగిపోయింది. లాలాపేటలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చిన టైపు ఉంది, దాంతోనే మా దగ్గర చేరింది. ఇంగ్లీషు వినీ వినీ పట్టేసింది. ఒక డాక్టరు ఉండేవాడు, నోట్లో ఏదో నములుతున్నట్టు మాట్లాడేవాడు. అతని ఫైలు వస్తే ఎమ్మేలు చదివినవాళ్లు కూడా పక్కకు జరిగేవాళ్లు. అవన్నీ ఆమెకే పోయేవి. ఆరునెలలకోసారి అందరికీ వేగం పరీక్ష పెట్టేవాళ్లు. ఒక హద్దు కంటే తగ్గితే ఉద్యోగం ఉండదు. ఆ పరీక్ష రోజు మిగతావాళ్లు దేవుడికి దండం పెట్టుకుంటుంటే ఈమె టిఫిన్ డబ్బా మూత తీసి తీరిగ్గా తింటూ ఉండేది. ఆ ఉద్యోగానికి ఆమెకున్న అర్హత అంతా ఆ వేళ్లలోనే ఉంది.

పుల్లలు తీసేసిన పదిహేను రోజులకు ఆమె నా గది దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, నా కుర్చీ జర కిందికి చేసియ్యరాదా. పెడల్ అందుతలేదు."

"అందరికీ ఒక్క తీరుగనే ఉన్నదమ్మా. నీకొక్కదానికి చేస్తే రేపు అందరు అడుగుతరు."

"అడిగితే వాళ్లకు గూడ చెయ్యుండ్రి సార్. పుల్ల పెట్టుడే గద."

"పెడితే మళ్ల పేచీలు, మళ్ల విరుగుడు. నేనొకసారి కూసోని చూస్తతియ్."

మాట ఇచ్చాను కాబట్టి మర్నాడు రెండింటికి షిఫ్టు మారే సందులో ఆమె కుర్చీలో నిజంగానే కూర్చున్నాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పెడల్ నొక్కి చూశాను. హాయిగా ఉంది. ఉండదా మరి, నా కొలతే కదా. ఆ ముక్క అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు. "నేను కూసోని చూసినమ్మా, మంచిగనే ఉన్నది" అని చెప్పాను. ఆమె వంగి నా బూట్ల వైపు ఒకసారి చూసింది.

"మీకు మంచిగనే ఉంటది సార్" అని పోయింది.

తర్వాత ఆమె తన దారి తాను చూసుకుంది. రెండు ఇటుకలు తెచ్చి, పాత చీర ముక్క చుట్టి, వాటి మీద పెడల్ పెట్టుకుంది. అది ఒక్కోసారి జారేది, సరిచేసుకునేది. నాకు కనపడ్డా కనపడనట్టే ఊరుకున్నాను. అలా ఏడాది గడిచింది. ఆ ఇటుకలను అలాగే వదిలేసి ఉన్నా ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు.

ఉప్పల్‌లో స్టేడియం కట్టి ఎన్నాళ్లో కాలేదు అప్పటికి. మాకు పనిచ్చే అమెరికా కంపెనీ నుంచి ఒక దొరసాని వస్తోందని కబురు వచ్చింది. ఉద్యోగులు కూర్చునే తీరు ఎలా ఉంది, బల్లలు ఎలా ఉన్నాయి, వెలుతురు ఎలా ఉంది అని చూసి, బాగుంటే సర్టిఫికెట్ ఇస్తుందట. అది ఉంటేనే పని కొనసాగుతుందని మేనేజరు చెప్పాడు. వారం రోజులు నాకు ఊపిరాడలేదు. కూర్చోవాల్సిన పద్ధతి చూపించే బొమ్మలు పెద్దవి చేయించి గోడలకు అంటించాను. నడుము నిటారుగా, మోచేతులు బల్లకు సమంగా, పాదాలు పూర్తిగా నేల మీద. నేను అంటిస్తుంటే ఆమె వచ్చి నా పక్కన నిలబడి చూసింది.

"సార్, ఆ బొమ్మలున్నామె పాదాలు నేల మీదున్నయ్."

"అవునమ్మా, అట్లనే కూసోవాలె."

"నాయి ఉండయి సార్."

ఆ మాట విని నేను చేసిన పని, ఆమె బల్ల కింది ఇటుకలు తీయించి పారవేయించడం. దొరసాని వంగి చూస్తే ఆఫీసులో ఇటుకలేమిటని అడగదా? తర్వాత గోనెసంచి దించి, ముందు వరుసలో ఉన్న పది కుర్చీలకు మాత్రం పుల్లలు పెట్టించాను. దొరసాని వెనక వరుసలదాకా పోదని మేనేజరూ నేనూ అనుకున్నాం. అందరికంటే వేగం ఆమెదే కాబట్టి ఆ రోజుకు ముందు వరుసలో ఆమెను కూర్చోబెట్టమని మేనేజరే చెప్పాడు.

దొరసాని వచ్చింది. మెత్తగా మాట్లాడే మనిషి. నేరుగా ఆమె దగ్గరికే పోయి, కుర్చీ నీకు తగ్గట్టు సరిచేసుకో చూద్దాం అంది. ఆమె చెయ్యి కిందికి పోనిచ్చింది. కుర్చీ మెల్లగా దిగింది. రెండు పాదాలూ నేల మీద ఆనాయి, వీపు వెనక్కి ఆనింది. ఏడాదికి పైగా ఆ మనిషి కుర్చీ అంచు మీదే కూర్చుంటోందని, వీపు ఎప్పుడూ వెనక్కి ఆననే లేదని నాకు అప్పుడు తెలిసింది. దొరసాని ఫొటో తీసుకుంది. మేనేజరు నా వైపు చూసి కళ్లతోనే మెచ్చుకున్నాడు.

రెండింటికి షిఫ్టు దిగి ఆమె నా దగ్గరికి వచ్చింది. అంత సంతోషంగా ఆమెను నేను మళ్లీ చూడలేదు.

"సార్, ఇయ్యాల చెయ్యి గుంజలే. మెడ గూడ నొయ్యలే. ఈ ఒక్క కుర్చీ నాకు ఇట్లనే ఉంచుండ్రి సార్. ముందట వద్దు, ఎన్కకే గుంజుకపోత."

"చూద్దాంతియ్యమ్మా" అన్నాను.

నిజం చెబుతున్నాను, ఆ పది పుల్లలు అలాగే ఉంచేసినా అడిగేవాళ్లు లేరు. మేనేజరుకు గుర్తు కూడా ఉండేది కాదు. కానీ ముందు వరుసకు ఉంటే వెనక వరుసలు అడుగుతాయి, అందరికీ ఇస్తే మళ్లీ పేచీలు మొదలవుతాయి, మళ్లీ కుర్చీలు చెడతాయి, నా పేరు పోతుంది. ఆ సాయంత్రం దొరసాని కారు గేటు దాటగానే ఫిట్టరన్నను పిలిచాను. విషయం విని ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నేను పీకను తమ్మీ. నీకంత కావాలంటే నువ్వే పీక్కో" అన్నాడు.

రాత్రి పదింటికి రెండో షిఫ్టు దిగాక నేనే పీకాను. కుర్చీలన్నీ మళ్లీ ఆ కట్టె ఎత్తుకు తెచ్చి, నేల మీద వెల్లకిలా పడుకుని, పదికి పదీ పటకారుతో లాగాను. మీకు ఒక మాట చెబుతాను. పై నుంచి ఎవరో చెప్పి చేయించిన తప్పులను మనం కొన్నాళ్లకు మర్చిపోతాం, చెప్పినవాళ్ల మీదికి తోసేస్తాం. ఎవరూ చెప్పకుండా మన చేత్తో మనం చేసింది మాత్రం నెత్తి మీదే ఉంటుంది.

మర్నాడు ఆరింటికి ఆమె తన వెనక వరుస కుర్చీలో కూర్చుంది. అది నిన్నటి కుర్చీయే, రాగానే ముందు వరుస నుంచి తానే గుంజి తెచ్చుకుంది. కూర్చుని చెయ్యి కిందికి పోనిచ్చి వెతికింది. నేను అద్దాల్లోంచి చూస్తున్నాను. ఇటు పక్క వెతికి, అటు పక్క కూడా వెతికింది. తర్వాత నా గది వైపు ఒకసారి చూసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కుర్చీ అంచుకు జరిగింది. ఇటుకలు కూడా లేవు ఇప్పుడు. పెడల్ కోసం కాలు చాపితే నడుము ముందుకు, నడుము ముందుకు వస్తే మెడ కిందికి, ఆ బరువంతా మణికట్ల మీదికి వచ్చేది. ఇది ఇప్పుడు ఇంత వివరంగా చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో నాకు కనిపించింది ఒకటే, కుర్చీలన్నీ బాగున్నాయి. మూడు వారాలకు సర్టిఫికెట్ వచ్చింది. ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో పెట్టాం.

ఆ ఏడాది ఎండాకాలంలో ఆమె మణికట్టుకు పట్టీ కట్టుకుని రావడం చూశాను. ఒకరోజు క్యాంటీన్‌లో ఆమె చేతిలోంచి డబ్బా జారి పప్పంతా నేల పాలైంది. పక్కవాళ్లు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. వాళ్ల టీమ్ లీడరు, టీములో చాలామంది ఆవిడ కూతురి వయసువాళ్లే, నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది.

"సార్, ఆమె వేళ్లకు స్పర్శ ఉంటలేదంట. ఆదివారం చర్చిల కీబోర్డు వాయించేది, అది గూడ బంద్ చేసింది. కుర్చీది ఏమన్న చేయొచ్చేమో సూడుండ్రి."

చూస్తానన్నాను. చూడలేదు. దవాఖానాలో డాక్టరు, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందనీ మెడ ఎముకలు అరిగాయనీ చెప్పి పని మానమన్నాడట. పది రోజులు సెలవు పెట్టి మళ్లీ అదే కుర్చీకి వచ్చింది. ఆరునెలల పరీక్షలో మొదటిసారి హద్దు కిందికి పడిపోయింది. నెల తర్వాత ఇంకొక అవకాశం ఇచ్చారు. ఆ రోజు ఆమె టిఫిన్ డబ్బా తెరవలేదు. కుడిచేతిని ఎడమచేత్తో రుద్దుకుంటూ కూర్చుంది. రెండోసారీ తప్పింది.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను, వాటిలో పెద్దగా ఏమీ లేదు. ఆమె వెళ్లిపోయిన వారానికి నేను గోనెసంచి దించి, ఒక్కణ్ణే ఆదివారం కూర్చుని అరవై కుర్చీలకూ పుల్లలు పెట్టేశాను. ఒకటి రెండు రోజులు పేచీలు పడ్డారు, తర్వాత వాళ్లే సర్దుకున్నారు. నేను భయపడ్డంతగా ఏమీ విరగలేదు. ఫిట్టరన్న చూశాడు గానీ ఆ విషయం నాతో ఎత్తలేదు, అసలు అప్పటి నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడటమే మానేశాడు. గొంతును దానంతటదే టైపు చేసే మిషన్లు వచ్చి మా పని తగ్గిపోయింది. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజుల్లో, తెలంగాణ వచ్చిన ఏడాది, ఆఫీసు మూసేశారు, నేను రిటైరై మల్కాజిగిరిలో ఇంటిపట్టున ఉన్నాను. ఆమె గురించి మళ్లీ ఏమీ తెలియలేదు. లాలాపేట బ్రిడ్జి మీదుగా పోయేటప్పుడు అటూ ఇటూ చూస్తాను గానీ, కనపడితే ఏం మాట్లాడాలో తెలియక, కనపడకపోతేనే మంచిదని కూడా అనుకుంటాను.

ఇక ఆమె ఉద్యోగం మానిన రోజు సంగతి. పరీక్ష తప్పినవాళ్లను కంపెనీయే తీసేస్తే అనుభవం ఉన్నట్టు కాగితం ఇవ్వరు. తమంతట తాము మానేస్తున్నట్టు రాసిస్తే ఇస్తారు. ఆమెకు ఆ మాట చెప్పి ఉత్తరం రాయించుకోమని మేనేజరు నాకు అప్పజెప్పాడు. ఆయనకు మొహం చెల్లలేదు. భర్త గేటు బయట స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె నా గదిలోకి వచ్చింది. నేను చెప్పిందంతా తల ఊపుతూ విన్నది. తెల్లకాగితం, పెన్ను ఆమె ముందు పెట్టాను. పెన్ను తీసుకుంది, రెండుసార్లు జారింది, మళ్లీ తీసి బల్ల మీద పెట్టేసింది.

"పెన్ను ఆగుతలేదు సార్. మీరే రాయుండ్రి."

రాయడం మొదలుపెట్టాను. ఆమె పేరు, నెంబరు, తేదీ. ఫలానా రోజు నుంచి నేను ఈ ఉద్యోగం మానేస్తున్నాను అని ఇంగ్లీషులో రాసి, దేని వల్ల అన్న చోట పెన్ను ఆపాను.

"కారణం ఏమని రాయాలమ్మా?"

ఆమె కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, దాని వైపే చూసింది.

"మీకు ఎరుకే గద సార్. మీరు ఏది రాస్తే అదే."

ఉన్నది ఉన్నట్టు రాయడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నాకు తెలుసు. పర్సనల్ రీజన్స్ అని రాసి కాగితం ఆమె వైపు తిప్పాను.

ఏ డాక్టరు నసిగినా అర్థం చేసుకోగలిగిన మనిషి, ఆ నాలుగు వరుసలు చదవడానికి చాలాసేపు తీసుకుంది. ఎడమచేత్తో పెన్ను తీసుకుని, ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతూ సంతకం పెట్టింది. కాగితం నాకు తిరిగి ఇచ్చి లేచి నిలబడింది.

"మీ చేతిరాత మంచిగున్నది సార్" అంది.

అందులో ఎగతాళి ఉందేమోనని ఆమె మొహంలోకి చూశాను. లేదు.